చీమల బారు చెప్పేది సగం నిజమే

ఈ శీర్షికకి వచ్చే ప్రశ్నల్లో ఫోన్ హ్యాంగ్ అవడం తర్వాత ఎక్కువగా కనిపించేది ఇదే: ‘ఫొటో వెనకున్న బ్యాక్‌గ్రౌండ్ తీసేయాలి, ఎంత చేసినా రావడం లేదు.’ ఈసారి అలాంటివి మూడు ఒకేసారి వచ్చాయి.

ఒకటి, ఇంట్లోంచే చీరలు అమ్ముకుంటున్న ఒకావిడది. చీర ఫొటో వెనకున్న గోడ తీసేస్తుంటే జరీ అంచు కూడా సగం ఎగిరిపోతోందట. రెండోది ఉద్యోగ పరీక్షకి అప్లై చేస్తున్న కుర్రాడిది. సెలెక్ట్ అవుతోంది కానీ డిలీట్ కొడితే ఏమీ జరగడం లేదు. మూడో ఆయన వాళ్ళమ్మగారు పోయారని రాశారు. ఆవిడ విడిగా దిగిన ఫొటో ఒక్కటీ లేదు. ఉన్నదల్లా బంధువుల పెళ్ళిలో గుంపుతో నిలబడ్డ ఫొటో. తెల్ల చీర, నెరిసిన జుట్టు, వెనక తెల్ల షామియానా. పెద్దకర్మ నాటికి ఫొటో కట్టించాలి. ‘జుట్టన్నా పోతోంది, లేదంటే అమ్మ చుట్టూ తెల్ల గీతన్నా మిగులుతోంది’ అన్నారు.

ఆయనకి వెంటనే విడిగా జవాబు పంపాను. అదే పద్ధతిని అందరికీ పనికొచ్చేలా ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఉదాహరణలన్నీ గింప్ అనే సాఫ్ట్‌వేర్‌తో చెబుతాను. ఎందుకంటే అది పూర్తిగా ఉచితం. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. ఫొటోషాప్ వాడేవాళ్ళకి పేర్లు కొంచెం మారతాయి, సంగతి మాత్రం ఒకటే.

ముందుగా ఒక్క మాట. బ్యాక్‌గ్రౌండ్ తీయడం ఒక పని కాదు, రెండు పనులు. ఏది పోవాలో చూపించడం మొదటిది, అంటే సెలెక్షన్. చూపించినదాన్ని తీసేయడం రెండోది. మనం రెండింటినీ కలిపి ‘రావడం లేదు’ అనేస్తాం. ఎక్కడ తేడా కొట్టిందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

సాఫ్ట్‌వేర్‌కి మనిషి కనిపించదు

ఫొటోలో మనకి అమ్మ కనిపిస్తుంది, షామియానా కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్‌కి కనిపించేవి అంకెలే. ఒక్కో చుక్కకి, అంటే పిక్సెల్‌కి, మూడేసి అంకెలు: ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత. ఒక్కోటీ 0 నుంచి 255 దాకా ఉంటుంది. మూడూ 0 అయితే నలుపు, మూడూ 255 అయితే తెలుపు. ఈ మధ్యలో 1,67,77,216 రంగులున్నాయి.

గింప్‌లో ‘ఫజీ సెలెక్ట్’ అనే టూల్ ఉంది. ఫొటోషాప్‌లో దీన్నే ‘మ్యాజిక్ వాండ్’ అంటారు. పేరులో మ్యాజిక్ ఉన్నా చేసేది లెక్కే. మీరు క్లిక్ చేసిన చుక్క రంగు చూసుకుంటుంది. పక్క చుక్కలకీ దానికీ తేడా ఎంతో చూస్తుంది. తేడా మీరు పెట్టిన హద్దులోపు ఉంటే కలుపుకుంటూ పోతుంది, లేదంటే ఆగిపోతుంది. ఆ హద్దు పేరే ‘థ్రెషోల్డ్’. గింప్‌లో మామూలుగా 15 ఉంటుంది.

పొలంలో నీళ్ళు పారడం లాంటిదే ఇది. గట్టు ఎత్తుగా ఉంటే ఆగుతాయి. ఎక్కడో ఒక చోట గండి పడితే పక్క మడిలోకీ వెళ్ళిపోతాయి.

ఇప్పుడు ఆ పెళ్ళి ఫొటో సంగతి చూడండి. షామియానా వెలుతురు పడ్డ చోట 235, మడతల్లో నీడ పడ్డ చోట 170 ఉందనుకోండి. అమ్మ చీర 228. థ్రెషోల్డ్ 15 పెడితే చీర కూడా సెలెక్ట్ అవుతుంది, షామియానా మడతలు మాత్రం మిగిలిపోతాయి. 5 పెడితే చీర బతుకుతుంది కానీ షామియానా ముక్కలు ముక్కలుగా వస్తుంది. 70 పెడితే జుట్టు కూడా పోతుంది. మీటని అటూ ఇటూ ఎంతసేపు జరిపినా ప్రయోజనం లేదు. ఈ ఫొటోకి సరిపోయే అంకె అసలు లేదు. చాలామంది గంటలు గంటలు పోగొట్టుకునేది ఇక్కడే.

అలాంటప్పుడు మీట వదిలేసి కొలబద్ద మార్చాలి. ఫజీ సెలెక్ట్ ఆప్షన్లలో ‘సెలెక్ట్ బై’ అని ఒకటుంటుంది. మామూలుగా అది ‘కాంపోజిట్’ మీద ఉంటుంది, అంటే అన్ని రంగులూ కలిపి చూస్తుంది. దాన్ని ‘బ్లూ’కి మార్చి చూడండి. మన కంటికి రెండూ తెలుపే. కానీ పసుపుపచ్చ బల్బుల వెలుగు పడ్డ గుడ్డలో నీలం పాలు తక్కువగా ఉంటుంది. ఫ్లాష్ పడ్డ చీరలో ఎక్కువగా ఉంటుంది. అన్నీ కలిపి చూస్తే దొరకని తేడా ఒక్క నీలంలో దొరకచ్చు. అక్కడా దొరక్కపోతే ‘హ్యూ’, ‘శాచురేషన్’ కూడా ప్రయత్నించండి. ఒక్కోటీ చూడడానికి పది సెకన్లు పట్టదు.

క్లిక్ చేసి వేలు తీయకుండా మౌస్‌ని కుడివైపుకో కిందికో లాగితే థ్రెషోల్డ్ పెరుగుతుంది. ఎడమకో పైకో లాగితే తగ్గుతుంది. షిఫ్ట్ పట్టుకుని క్లిక్ చేస్తే ఉన్న సెలెక్షన్‌కి కొత్తది కలుస్తుంది. కంట్రోల్ పట్టుకుంటే తీసివేత. పెద్ద థ్రెషోల్డ్‌తో ఒక్క దెబ్బకి కొట్టేయాలని చూడకుండా, చిన్న థ్రెషోల్డ్‌తో పది క్లిక్కులు కలుపుకుంటూ వెళ్ళండి. గండి పడదు.

జరీ అంచు ఎగిరిపోవడానికి కారణం కూడా ఇదే. జరీ మీద వెలుతురు పడితే అది మెరిసి తెల్లబడుతుంది, గోడతో కలిసిపోతుంది. చీర మీ చేతిలోనే ఉంది కాబట్టి దీనికి అన్నిటికన్నా మంచి మందు సాఫ్ట్‌వేర్‌లో లేదు. చీరలో లేని రంగు దుప్పటి ఒకటి వెనక కట్టి, దానికి రెండు మూడు అడుగుల ముందు చీర పెట్టి మళ్ళీ ఫొటో తీయండి. నీడ దుప్పటి మీద పడదు, రంగులు కలవవు. సినిమావాళ్ళు వెనక పచ్చ తెర కట్టేది కూడా ఇందుకే, మనిషి ఒంటి రంగుకి అది బాగా దూరం.

డిలీట్ కొట్టినా కదలడం లేదా?

సెలెక్షన్ బాగానే వచ్చింది, పోవడం లేదు. ఇప్పుడు సమస్య రెండో పనిలో ఉంది. మళ్ళీ సెలెక్ట్ చేసుకుంటూ కూర్చోవద్దు. కుడివైపున్న లేయర్స్ ప్యానెల్ చూసి, ఈ వరసలో వెతకండి.

ఒకటి, కిందున్న లేయర్. జాగ్రత్త కోసం ఫొటోకి డూప్లికేట్ లేయర్ తీసుకుంటాం. పైదాంట్లో బ్యాక్‌గ్రౌండ్ పోతుంది. కింద అచ్చం అలాంటి ఫొటోయే ఉంది కదా, అదే చోట అదే గోడ కనిపిస్తుంది. ‘ఏమీ జరగలేదు’ అనుకుంటాం. కింది లేయర్ పక్కనున్న కన్ను గుర్తు నొక్కి దాచి చూడండి. పరీక్షకి అప్లై చేస్తున్న కుర్రాడు పంపిన స్క్రీన్‌షాట్‌లో ఉన్నది ఇదే.

రెండు, మీరు ఏ లేయర్ మీదున్నారు? సెలెక్షన్ గీత ఫొటో మొత్తానికీ కనిపిస్తుంది కానీ డిలీట్ పనిచేసేది ఎంచుకున్న లేయర్ మీదే. ప్యానెల్‌లో సరైన లేయర్ మీద ఒకసారి క్లిక్ చేయండి. దాని పక్కన తాళం గుర్తుంటే ‘లాక్ పిక్సెల్స్’ ఆన్‌లో ఉందన్నమాట. తీసేయండి.

మూడు, ఆల్ఫా ఛానెల్. జేపెగ్ ఫొటోలో ‘ఇక్కడ ఏమీ లేదు’ అని రాసుకోవడానికి చోటే ఉండదు. అందుకే డిలీట్ కొడితే ఖాళీ రాదు, బ్యాక్‌గ్రౌండ్ రంగు నిండుతుంది. ఆ రంగు మామూలుగా తెలుపు. తెల్ల గోడ తీస్తే తెల్ల రంగు వచ్చింది. పోయిందో లేదో ఎలా తెలుస్తుంది? లేయర్ మీద రైట్ క్లిక్ చేసి ‘యాడ్ ఆల్ఫా ఛానెల్’ నొక్కండి. అది మసకగా ఉండి నొక్కబడకపోతే ఇప్పటికే ఉందని అర్థం. ఇప్పుడు డిలీట్ కొడితే బూడిద రంగు గళ్ళు కనిపించాలి. ఆ గళ్ళు కనిపిస్తే అక్కడ ఖాళీ ఉన్నట్టు.

నాలుగు, సెలెక్షన్ తిరగబడి ఉండడం. మనిషికి బదులు గోడ, గోడకి బదులు మనిషి. కంట్రోల్ + ఐ కొడితే తిరగబడుతుంది. అసలేం సెలెక్ట్ అయి ఉందో తెలియని గందరగోళంలో ఉంటే షిఫ్ట్ + కంట్రోల్ + ఏ కొట్టి మొత్తం వదిలేసి మొదటినుంచి చేయండి.

ఐదు, ఫైల్ జిఫ్ అయితే అది ‘ఇండెక్స్‌డ్’ పద్ధతిలో ఉంటుంది. అందులో చుక్క ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు, సగం ఉండడం కుదరదు. అంచులు రంపం పళ్ళలా వస్తాయి. ‘ఇమేజ్’ మెనూలో ‘మోడ్’కి వెళ్ళి ‘ఆర్‌జీబీ’కి మార్చుకోండి.

ఆ చీమల బారు సంగతి

సెలెక్ట్ చేయగానే చుట్టూ నల్ల తెల్ల గీతలు కదులుతుంటాయి. వాటిని ఇంగ్లీషులో కూడా చీమల కవాతు అనే అంటారు. 1984లో యాపిల్ మెకింటాష్‌తో వచ్చిన మ్యాక్‌పెయింట్‌లో బిల్ అట్కిన్సన్ చేసి పెట్టిన ఏర్పాటు అది. నలభై ఏళ్ళు దాటినా ఇప్పటికీ అందరూ అదే వాడుతున్నారు.

కానీ దాన్ని పూర్తిగా నమ్మకూడదు. సెలెక్షన్ అంటే అవును, కాదు అని రెండే ఉండవు. ఒక చుక్క 100 శాతం సెలెక్ట్ అవచ్చు, 30 శాతం అవచ్చు. చీమల బారు వెళ్ళేది 50 శాతం దగ్గర. 49 శాతం సెలెక్ట్ అయిన చుక్క గీతకి అవతల ఉంటుంది, మీ కంటికి అసలు సెలెక్ట్ కానట్టే ఉంటుంది. డిలీట్ కొడితే మాత్రం సగం మాయమవుతుంది. ‘నేను జుట్టు జోలికి పోలేదు, అయినా పల్చబడింది’ అని రాసేవాళ్ళ కథ ఇదే.

నిజం చూడాలంటే షిఫ్ట్ + క్యూ నొక్కండి. దీని పేరు ‘క్విక్ మాస్క్’. సెలెక్ట్ కాని చోటంతా ఎర్ర పొర కప్పుకుంటుంది. అయిన చోట ఫొటో మామూలుగా ఉంటుంది. సగం సగం అయిన చోట ఎరుపు పల్చగా ఉంటుంది. చీమలు దాచిపెట్టిన మిగతా సగం ఇక్కడ కనిపిస్తుంది. ఇంకా మంచి విషయం ఏంటంటే, ఇక్కడే బ్రష్‌తో దిద్దుకోవచ్చు. తెల్ల రంగు పూస్తే సెలెక్షన్‌లోకి వస్తుంది, నలుపు పూస్తే పోతుంది. మళ్ళీ షిఫ్ట్ + క్యూ కొడితే చీమలు తిరిగొస్తాయి. బ్యాక్‌గ్రౌండ్ తీసేముందు ప్రతిసారీ ఒక్కసారి ఇలా చూడడం అలవాటు చేసుకోండి.

చెరపద్దు, దాచండి

ఇక అసలు సలహా. డిలీట్ బటన్ జోలికే వెళ్ళకండి.

ముందు ఉండాల్సిన మనిషి సెలెక్ట్ అయ్యేలా చూసుకోండి. గోడ సెలెక్ట్ అయి ఉంటే కంట్రోల్ + ఐ. తర్వాత లేయర్ మీద రైట్ క్లిక్ చేసి ‘యాడ్ లేయర్ మాస్క్’ నొక్కి, అందులో ‘సెలెక్షన్’ ఎంచుకోండి. గోడ కనిపించకుండా పోతుంది. కానీ ఎక్కడికీ పోలేదు, తెర వెనకే ఉంది. మాస్క్ మీద తెలుపు పూస్తే ఆ చోటు తిరిగొస్తుంది, నలుపు పూస్తే దాక్కుంటుంది. జుట్టు ఎక్కువ పోయిందని రేపు అనిపించినా, రేపే సన్నటి బ్రష్‌తో వెనక్కి తెచ్చుకోవచ్చు. ఫైల్‌ని గింప్ సొంత పద్ధతి అయిన ఎక్స్‌సీఎఫ్‌లో దాచుకుంటే మాస్క్ కూడా అలాగే ఉంటుంది.

ఒక్కటే కాపీ ఉన్న ఫొటోకి ఇది తప్పనిసరి. చెరిపేసి సేవ్ చేసి మూసేస్తే ఆ చుక్కలు మరి రావు.

తెల్ల గీత ఎందుకు మిగులుతుంది?

అంచులో ఉన్న చుక్కలో మనిషీ గోడా కలిసి ఉంటారు. వెంట్రుక ఒక్కోసారి చుక్క కన్నా సన్నం. వెంట్రుక రంగు 30, గోడ 240 అయితే సగం సగం కలిసిన చుక్క 135 అవుతుంది. ఆ 135లో గోడ వెలుగు ఇంకిపోయి ఉంది. తెల్ల గోడ ముందు అది కంటికి ఆనదు. ముదురు నీలం మీద పెడితే చుట్టూ గీత గీసినట్టు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

మూడు మందులున్నాయి. మొదటిది, మాస్క్ పెట్టేముందు ‘సెలెక్ట్’ మెనూలో ‘ష్రింక్’ నొక్కి 1 పిక్సెల్ లోపలికి తగ్గించి, ‘ఫెదర్’తో 1 లేదా 2 పిక్సెల్స్ మెత్తబరచడం. చీర అంచుకి, భుజానికి ఇది చాలు. జుట్టుకి మాత్రం చేయకండి, గుండు గీసినట్టవుతుంది.

రెండోది జుట్టు కోసం. ‘ఫోర్‌గ్రౌండ్ సెలెక్ట్’ టూల్‌తో మనిషి చుట్టూ ఉజ్జాయింపుగా గీత గీసి ఎంటర్ కొట్టండి. తర్వాత మనిషి మీద బ్రష్‌తో అక్కడక్కడా పూయండి. జుట్టు చివర్లలాంటి తేలని చోట్లని ‘డ్రా అన్‌నోన్’తో గుర్తుపెట్టండి. అక్కడ ఏది ఎంత పాలో సాఫ్ట్‌వేర్ లెక్కగడుతుంది. కొంచెం టైమ్ తీసుకుంటుంది, కంగారు పడకండి.

మూడోది అన్నిటికన్నా తేలిక, ఎవరికీ తట్టనిది. కొత్త బ్యాక్‌గ్రౌండ్‌ని పాతదానికి దగ్గరగా పెట్టుకోండి. తెల్ల షామియానా ముందున్న అమ్మని ముదురు నీలం మీదో, సూర్యోదయం బొమ్మ మీదో పెట్టాలని ఎందుకు? లేత బూడిద రంగు పెడితే ఆ 135 చుక్కలు అందులో కలిసిపోతాయి. గీత సమస్య చాలావరకు దానంతటదే తీరుతుంది. ఆయనకి రాసిన జవాబులో మొదటి వాక్యం ఇదే. మిగతాది, భుజాలూ చీర కొంగూ ‘పాత్స్’ టూల్‌తో చేత్తో గీయమన్నాను. తెలుపులో తెలుపు ఉన్న చోట ఏ ఆటోమేటిక్ టూల్ కన్నా మనిషి కన్నే మేలు. అరగంట కూర్చుంటే అయ్యే పని.

ఇంకో చిన్న విషయం. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో బాగా కుదించబడి వస్తుంది. జేపెగ్ ఫొటోని 8 చుక్కలు అడ్డం, 8 చుక్కలు నిలువు ఉన్న గళ్ళుగా విడగొట్టి కుదిస్తుంది. కుదింపు ఎక్కువైతే అంచుల చుట్టూ మురికి మచ్చల్లాంటివి వస్తాయి. ఫజీ సెలెక్ట్ వాటి దగ్గర తడబడుతుంది. ఫొటో తీసినవాళ్ళని అడిగి అసలు ఫైల్‌ని ‘డాక్యుమెంట్’గా తెప్పించుకోండి. సగం ఇబ్బంది అక్కడే తగ్గుతుంది.

ఒక్క క్లిక్‌తో అయిపోదా?

అవుతుంది, చాలాసార్లు. 2018 చివర్లో రిమూవ్ డాట్ బీజీ వచ్చినప్పటి నుంచి ఇలాంటివి బోలెడు వచ్చాయి. ఇవి రంగు తేడా ఒక్కటే చూడవు. లక్షల ఫొటోలు చూసి నేర్చుకున్నదాన్ని బట్టి ‘ఇది మనిషి అయి ఉండాలి’ అని ఊహిస్తాయి. ఒంటరి మనిషి, వెనక మామూలు గోడ ఉంటే మనకన్నా బాగా చేస్తాయి. గుంపు ఫొటోలో అమ్మ భుజం మీద పిన్ని చెయ్యి ఉంటే ఆ చెయ్యి ఎవరిదో వాటికి తెలియదు. జడలో మల్లెపూలు, చేతికర్ర, చీర కుచ్చులు కూడా పోగొడుతుంటాయి.

కాబట్టి వాటిని మొదటి మెట్టుగా వాడుకోండి. అవి ఇచ్చిన పీఎన్‌జీ ఫైల్‌ని గింప్‌లో అసలు ఫొటో మీద లేయర్‌గా పెట్టండి, సైజు తేడా ఉంటే సమానం చేసుకోండి. ఆ లేయర్ మీద ‘ఆల్ఫా టు సెలెక్షన్’ కొట్టి, తర్వాత అసలు ఫొటో లేయర్‌కి మాస్క్ పెట్టండి. పై లేయర్‌ని దాచేయండి. అవి పోగొట్టిన పువ్వుల్ని మీరు తెల్ల బ్రష్‌తో తెచ్చుకోవచ్చు.

రెండు జాగ్రత్తలు. ఒకటి, ఆన్‌లైన్ సర్వీసులో ఫొటో పెడితే అది వేరేవాళ్ళ కంప్యూటర్‌కి వెళ్తుంది. పిల్లల ఫొటోలు, ఐడీ కార్డుల విషయంలో ఆలోచించండి. రెండు, పాత ఫొటోని ‘బాగుచేస్తాం’ అనే యాప్‌లు చాలా ముఖాన్ని మళ్ళీ గీస్తాయి. చర్మం నునుపవుతుంది, కళ్ళు మెరుస్తాయి, పోలిక మారిపోతుంది. గోడకి తగిలించి రోజూ చూసుకునే ముఖం అది. కాస్త మసకగా ఉన్నా సొంత ముఖమే ఉండాలి కదా.

చివర్లో పాడయ్యేవి

అంతా బాగా వచ్చింది, సేవ్ చేస్తే వెనక తెల్లగా అయిపోయిందంటే జేపెగ్‌లో సేవ్ చేశారన్నమాట. ఖాళీ ఖాళీగానే ఉండాలంటే పీఎన్‌జీలోకి ఎక్స్‌పోర్ట్ చేయండి. నెట్‌లో వెతికి దింపుకున్న బొమ్మలో గళ్ళు చెరగకపోతే అవి నిజం ఖాళీ కావు, బొమ్మలో భాగంగా ఉన్న గళ్ళే.

చీరలు అమ్మేవాళ్ళకి: అమెజాన్ లాంటి చోట్ల మొదటి ఫొటోకి అచ్చ తెలుపు అడుగుతారు, అంటే మూడు అంకెలూ 255. కంటికి తెల్లగా ఉన్న గోడ 240 అవచ్చు. ‘కలర్ పికర్’తో క్లిక్ చేసి చూసుకోండి.

అప్లికేషన్లకి: ముందు నోటిఫికేషన్‌లో ఫొటో నిబంధనలు చదవండి. అమెరికా పాస్‌పోర్ట్ ఫొటోని సాఫ్ట్‌వేర్‌తోనో యాప్‌తోనో మార్చవద్దని అక్కడి ప్రభుత్వం స్పష్టంగా చెబుతుంది. అక్కడ పుట్టిన మనవడికి పాస్‌పోర్ట్ ఫొటో పంపేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. ఇలాంటివాటికి బ్యాక్‌గ్రౌండ్ తీసే తెలివితేటలు వద్దు. తెల్ల గోడకి కాస్త దూరంగా, కిటికీకి ఎదురుగా నిలబెట్టి మళ్ళీ తీయండి. రెండు నిమిషాల పని.

ఈ వారం ఇంతే. ప్రశ్న పంపేటప్పుడు ‘రావడం లేదు’ అని ఒక్క ముక్కతో ఆపకుండా ఏ సాఫ్ట్‌వేరో, ఏం నొక్కితే ఏం జరిగిందో రాయండి. వీలైతే లేయర్స్ ప్యానెల్ కనిపించేలా స్క్రీన్‌షాట్ కూడా పంపండి. జవాబు సగం అందులోనే ఉంటుంది.